స్టుట్‌గార్ట్ బ్లూ కార్డా, ఐండ్‌హోవెన్ ఉద్యోగమా? రెండు ఆఫర్లు ఉన్నాయి, సలహా కావాలి

కోనసీమ_కోడర్ | 18 జనవరి 2026

నమస్కారం అండీ. నాకు 33 ఏళ్ళు, గచ్చిబౌలిలో ఉద్యోగం. జేఎన్‌టీయూ కాకినాడ బీటెక్, 2014 బ్యాచ్. కార్లలో వాడే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను. ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి.

ఒకటి జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. ఏడాదికి 62,000 యూరోలు. అందులో 54,000 ఫిక్స్‌డ్, మిగతా 8,000 బోనస్. బ్లూ కార్డ్ మీద, అంటే నైపుణ్యం ఉన్న విదేశీయులకు యూరోపియన్ యూనియన్ దేశాలిచ్చే పర్మిట్ మీద తీసుకెళ్తామంటున్నారు.

రెండోది నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో. హాలిడే అలవెన్స్ కలుపుకుని 74,000 యూరోలు. కెన్నిస్‌మిగ్రాంట్ అనే డచ్ పర్మిట్ ఇప్పిస్తారట. బ్లూ కార్డ్ ఊసే ఎత్తలేదు.

మా ఆవిడ బీఫార్మసీ, హైదరాబాద్‌లోనే ఫార్మకోవిజిలెన్స్‌లో (మందుల దుష్ప్రభావాలను గమనించే పని) చేస్తోంది. బాబుకి అయిదో ఏడు. అమ్మ అమలాపురంలో ఒక్కతే ఉంటుంది. డబ్బు చూస్తే డచ్ వాళ్ళది పెద్దది. బ్లూ కార్డ్ ఉంటే యూరప్‌లో ఎక్కడైనా పని చేసుకోవచ్చని స్నేహితుడు అంటున్నాడు. ఏది నిజం?

టెక్సాస్_తెలుగోడు | 18 జనవరి 2026

54 వేల యూరోల ఫిక్స్‌డ్‌కి పదేళ్ళ పైన అనుభవం ఉన్న ఇంజినీరా? బ్రదర్, ఆ జీతం మీద అక్కడ టాక్స్ కట్టాక గచ్చిబౌలిలో మిగిలేదే ఎక్కువ ఉంటుంది. ఇంకో ఏడాది ఆగి ఇటు ట్రై చెయ్.

వరంగల్_వాసు | 18 జనవరి 2026

అన్నా, ఏ దారిలో ట్రై చేస్తాడు? మొన్న సెప్టెంబర్ నుంచి బయటి దేశం నుంచి కొత్తగా వేసే హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టిన్రు కదా. ఏ కంపెనీ కడుతుంది అంత? ఒకవేళ వచ్చినా గ్రీన్ కార్డ్ లైన్ సంగతి నీకు తెలియనిది కాదు.

టెక్సాస్_తెలుగోడు | 18 జనవరి 2026

లైన్ సంగతి నాకు చెప్పకు, అందులోనే నిలబడి ఉన్నా :) జీతం గురించే నేను మాట్లాడింది.

మ్యూనిక్_మామ | 19 జనవరి 2026

జీతాల గొడవ తర్వాత చూద్దాం. ముందు ఆ స్నేహితుడి మాట సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క అపోహ మీదే సగం మంది నిర్ణయాలు తీసుకుంటున్నారు.

బ్లూ కార్డ్ ఉంటే యూరప్‌లో ఎక్కడైనా పని చేయొచ్చు అన్నది తప్పు. కార్డు మీద యూరోపియన్ యూనియన్ అని ఉన్నా దాన్ని ఇచ్చేది ఆయా దేశమే, పని హక్కూ ఆ దేశానికే. జర్మనీ ఇచ్చిన కార్డుతో రేపు పొద్దున్నే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి ఉద్యోగంలో చేరలేం. మొదటి దేశంలో 12 నెలలు ఉన్నాక రెండో దేశానికి విడిగా ఎంట్రీ వీసా లేకుండా వెళ్ళి, నెల లోపు అక్కడ కొత్త బ్లూ కార్డ్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ మళ్ళీ ఉద్యోగ ఒప్పందం ఉండాలి, ఆ దేశపు జీతం పరిమితి దాటాలి. అంటే దారి కొంచెం సులువవుతుంది, అంతే. మీటింగుల్లాంటి వ్యాపార పనులకైతే 180 రోజుల్లో 90 రోజుల వరకు వేరే సభ్య దేశంలో ఉండొచ్చు.

నీ జర్మన్ ఆఫర్ విషయం. 2026కి మామూలు పరిమితి ఏడాదికి 50,700 యూరోలు. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం లాంటి కొరత ఉన్న వృత్తులకూ, డిగ్రీ చేతికొచ్చి మూడేళ్ళు దాటని వాళ్ళకూ 45,934.20. లెక్క చూసేది గ్యారంటీగా వచ్చే బ్రుట్టో జీతాన్నే, అంటే కోతలకు ముందున్న జీతాన్ని. బోనస్‌ను కలపరు. నీ 54,000 పెద్ద పరిమితినే దాటింది కాబట్టి అక్కడ టెన్షన్ లేదు.

బ్రస్సెల్స్_బాబాయ్ | 19 జనవరి 2026

మామ చెప్పిందానికి కాస్త వెనక కథ. అమెరికా గ్రీన్ కార్డ్‌కి పోటీగా యూరప్ వాళ్ళు పెట్టుకున్న పేరు ఇది. యూరోపియన్ కమిషన్ 2007లో ప్రతిపాదిస్తే 2009లో చట్టమైంది. కానీ ప్రతి దేశమూ తన సొంత పర్మిట్లను పక్కనే ఉంచేసుకుంది. నెదర్లాండ్స్‌కి 2004 నుంచే కెన్నిస్‌మిగ్రాంట్ ఉంది, కంపెనీలన్నీ దానికే అలవాటుపడ్డాయి. డెన్మార్క్, ఐర్లండ్ అసలు బ్లూ కార్డ్‌లో చేరనే లేదు. మిగిలిన 25 దేశాల్లోనూ బరువంతా మోసింది జర్మనీ. 2023లో యూరప్ మొత్తం మీద ఇచ్చిన సుమారు 89 వేల కార్డుల్లో 69 వేలు జర్మనీవే. తీసుకున్నవాళ్ళలో మనవాళ్ళే మొదటి స్థానం, దాదాపు 21 వేల మంది.

2021లో పాత చట్టాన్ని తీసేసి కొత్తది తెచ్చారు, 2023 నవంబర్ 18 కల్లా అమలు చేయమన్నారు. ఏడాది ఒప్పందం కావాలన్న చోట ఆరు నెలలు చాలన్నారు, ఐటీ వాళ్ళకు డిగ్రీ బదులు అనుభవం చూపే వీలిచ్చారు. నెట్‌లో మీరు చదివే బ్లాగుల్లో సగం ఆ తేదీకి ముందువి. జర్మనీకి 58 వేల పరిమితి అని ఎక్కడైనా కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 19 జనవరి 2026

కోనసీమ గారూ, ఒక్క నిమిషం. మీ డచ్ ఆఫర్ లెటర్‌లో 74,000 హాలిడే అలవెన్స్ కలిపి అని కచ్చితంగా ఉందా? ఉంటే అందరూ ఆగండి, ఇక్కడ పెద్ద చిక్కుంది.

కెన్నిస్‌మిగ్రాంట్‌కి పరిమితి నెల లెక్కన చూస్తారు, అదీ 8 శాతం హాలిడే అలవెన్స్ తీసేశాక. 74,000ని 1.08తో భాగిస్తే 68,500 చిల్లర. నెలకు సుమారు 5,710 యూరోలు. 30 ఏళ్ళు నిండినవాళ్ళకు 2025లో పరిమితి 5,688, కాబట్టి పోయినేడాది అయితే సరిపోయేది. జనవరి 1 నుంచి అది 5,942 అయింది. దరఖాస్తు ఐఎన్‌డీకి (డచ్ ఇమిగ్రేషన్ ఆఫీసు) అందిన రోజున ఉన్న అంకెనే చూస్తారు. ఆఫర్ డిసెంబర్‌లో ఇచ్చారు కదూ?

కోనసీమ_కోడర్ | 19 జనవరి 2026

అవునండీ, డిసెంబర్ రెండో వారంలో ఇచ్చారు. లెటర్‌లో ఇన్‌క్లూడింగ్ హాలిడే అలవెన్స్ అనే ఉంది. కాళ్ళ కింద నేల కదిలింది. ఇప్పుడేం చేయాలి?

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 19 జనవరి 2026

కంగారేం లేదు. హెచ్‌ఆర్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. 2026 పరిమితి ప్రకారం అలవెన్స్ కాకుండా బేస్ ఏడాదికి కనీసం 71,304 ఉండాలి, అలవెన్స్ కలిపితే 77 వేల పైచిలుకు అవుతుంది, ఒప్పందం మార్చగలరా అని అడగండి. ఐఎన్‌డీ గుర్తింపు పొందిన స్పాన్సర్ కంపెనీ అయితే వాళ్ళకిది ప్రతి జనవరిలో వచ్చే తలనొప్పే, వెంటనే అర్థమవుతుంది. మీరు అడగకపోతే మాత్రం ఫైల్ వేసే రోజు దాకా ఎవరూ చూడకపోవచ్చు.

30 లోపు వాళ్ళకు పరిమితి బాగా తక్కువ, 4,357. మీకది వర్తించదు.

టెక్సాస్_తెలుగోడు | 20 జనవరి 2026

వయసును బట్టి జీతం పరిమితా? ఇదెక్కడి న్యాయం!

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 20 జనవరి 2026

డచ్ న్యాయం :) ఇక్కడి బ్లూ కార్డ్‌లో వయసు తేడా లేదు, అందరికీ 5,942. కొత్తగా డిగ్రీ అయినవాళ్ళకు కొంత తగ్గింపు ఉంది.

తెనాలి_టెస్టర్ | 20 జనవరి 2026

జర్మనీలో చేతికెంత వస్తుందో ఎవరైనా చెప్పండి. అందరూ బ్రుట్టో అంకెలే చెప్తారు.

మ్యూనిక్_మామ | 20 జనవరి 2026

ఒంటరివాడైతే పన్ను, పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా అన్నీ పోయాక మూడో వంతుకు పైనే కోత. పెళ్ళయి, భార్య పని చేయకుండా ఉంటే టాక్స్ క్లాస్ 3 (తక్కువ పన్ను పడే వర్గం) పెట్టుకోవచ్చు, కోత బాగా తగ్గుతుంది. ఆమె కూడా ఉద్యోగంలో చేరాక లెక్క మారుతుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో సంపాదన లేని భార్యా పిల్లలు అదనపు ప్రీమియం లేకుండా వస్తారు. నెదర్లాండ్స్‌లో అలా కాదు, 18 నిండిన ప్రతి ఒక్కరూ ఎవరి బీమా వాళ్ళు కట్టుకోవాలి.

దానికి తోడు పిల్లవాడికి కిండర్‌గెల్డ్, అంటే పిల్లల భత్యం, ఈ ఏడాది నుంచి నెలకు 259 యూరోలు. బ్లూ కార్డ్ వాళ్ళకూ వస్తుంది.

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 20 జనవరి 2026

నెదర్లాండ్స్ వైపు లెక్కలో 30 శాతం రూలింగ్ మర్చిపోకండి. బయటి దేశం నుంచి ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్ళను తెచ్చుకుంటే జీతంలో 30 శాతం దాకా పన్ను లేకుండా ఇవ్వొచ్చు, అయిదేళ్ళ వరకు. 2027 జనవరి నుంచి అది 27 శాతానికి తగ్గుతుంది, కాబట్టి ఇప్పుడొచ్చేవాళ్ళు మొదట్లో మాత్రమే పూర్తి 30 చూస్తారు. దీనికీ ఓ షరతు ఉంది. ఉద్యోగంలో చేరే ముందు 24 నెలల్లో 16 నెలలకు పైగా డచ్ సరిహద్దుకు 150 కిలోమీటర్ల కన్నా దూరంలో ఉండాలి. హైదరాబాద్ నుంచి నేరుగా వస్తే ఏ గొడవా లేదు. ముందు కొలోన్‌లోనో డ్యూసెల్‌డార్ఫ్‌లోనో కొన్నేళ్ళు ఉండి తర్వాత ఇటు వద్దామనుకుంటే మాత్రం ఇది పోయినట్టే.

ఇంకో చిన్న లాభం, ఎవరూ చెప్పరు. ఈ రూలింగ్ ఉన్నవాళ్ళు ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చి పరీక్ష లేకుండా డచ్ లైసెన్స్ తీసుకోవచ్చు. ఇంట్లోవాళ్ళకు కూడా.

మ్యూనిక్_మామ | 20 జనవరి 2026

ఆ ఒక్కదానికీ నాకు అసూయ. ఇక్కడ మన లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది. తర్వాత థియరీ, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి, ఖర్చు వేలల్లో.

వరంగల్_వాసు | 21 జనవరి 2026

లైసెన్సులు, కిండర్‌గెల్డ్‌లు సరే. ఉద్యోగం పోతే ఏంది పరిస్థితి? అది అసలు ప్రశ్న. కార్ల రంగం అక్కడ ఊగిసలాడుతుంది. కార్ల విడిభాగాలు చేసే బాష్ మొన్న సెప్టెంబర్‌లోనే 13,000 ఉద్యోగాలు తీసేస్తమని ప్రకటించింది. వాళ్ళ హెడ్డాఫీసు స్టుట్‌గార్ట్ పక్కనే కదా.

మ్యూనిక్_మామ | 21 జనవరి 2026

మంచి ప్రశ్న. కొత్త చట్టం ప్రకారం బ్లూ కార్డ్ తీసుకుని రెండేళ్ళు కాకపోతే మూడు నెలలు, దాటితే ఆరు నెలలు కొత్త ఉద్యోగం వెతుక్కునే గడువు ఇవ్వాలి. ఉద్యోగం పోయిందని విదేశీయుల ఆఫీసుకి తెలియజేయాలి, దాచకూడదు. మొదటి 12 నెలల్లో నీ అంతట నువ్వు ఉద్యోగం మారినా ముందు విదేశీయుల ఆఫీసుకి చెప్పాలి. వాళ్ళు 30 రోజులు ఆపి పరిశీలించవచ్చు, షరతులకు సరిపోకపోతే కాదనవచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. జర్మనీలో మామూలుగా ఆరు నెలల ప్రొబేషన్ ఉంటుంది. ఆ సమయంలో రెండు వారాల నోటీసుతో పంపేయొచ్చు. కుటుంబాన్ని మొదటి రోజునే తీసుకెళ్ళాలా, కొన్నాళ్ళు ఆగాలా అన్నది దీన్ని బట్టి ఆలోచించుకోండి.

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 21 జనవరి 2026

ఇక్కడ ప్రొబేషన్ పర్మనెంట్ ఒప్పందానికి గరిష్ఠంగా రెండు నెలలు, ఏడాది ఒప్పందానికి ఒక్క నెలే. ఉద్యోగం పోతే కెన్నిస్‌మిగ్రాంట్‌కి వెతుక్కునే సమయం మూడు నెలలు. కొత్త కంపెనీ కూడా గుర్తింపు పొందిన స్పాన్సర్ అయి ఉండాలి. ఐఎన్‌డీ వెబ్‌సైట్‌లో ఆ జాబితా అందరికీ కనిపిస్తుంది, ఉద్యోగం వెతికేటప్పుడు ముందు అదే తెరిచి పెట్టుకోవాలి.

టెక్సాస్_తెలుగోడు | 21 జనవరి 2026

ఇక్కడ మాకు 60 రోజులు. ఆ మాటకొస్తే మీరే నయం.

బ్రస్సెల్స్_బాబాయ్ | 22 జనవరి 2026

కోనసీమా, నీ ప్రశ్నలో జీతం కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది, శాశ్వత నివాసం. రెండు దేశాలకూ అసలు తేడా అక్కడుంది.

జర్మనీలో బ్లూ కార్డ్ మీద 27 నెలలు పనిచేసి పింఛను కట్టి, ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ ఉంటే పీఆర్‌కి అర్హత. బీ1 (మధ్య స్థాయి) ఉంటే 21 నెలలే. మొత్తం యూరప్‌లో మనలాంటి వాళ్ళకు ఇంత తొందరగా దొరికే పీఆర్ దాదాపు ఇదే. ఆ కార్డు చేతిలో పడ్డాక ఉద్యోగం పోయినా మూడు నెలల గడువు గోల ఉండదు. వాసు అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఇది. భాష చదివినవాడికి రెండేళ్ళ లోపే ఆ భయం తీరిపోతుంది.

నెదర్లాండ్స్‌లో అయిదేళ్ళు ఆగాలి, పైన డచ్ భాష, సమాజం మీద పరీక్ష.

కృష్ణాతీరం | 22 జనవరి 2026

21 నెలలు అన్నది కాగితం మీద మాట బాబాయ్ గారూ. మా ఊరి విదేశీయుల ఆఫీసులో పీఆర్ దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూశాం, మెయిల్‌కి జవాబుండదు, ఫోన్ ఎత్తరు. అపాయింట్‌మెంట్ కోసం అర్ధరాత్రి కూర్చుని పేజీ రిఫ్రెష్ చేసేవాళ్ళం. ఈలోగా పాత కార్డు గడువు అయిపోతే ఫిక్షన్ సర్టిఫికెట్ అని ఒక తాత్కాలిక కాగితం ఇస్తారు.

ఆ కాగితం విషయంలో ఒక జాగ్రత్త. అందులో జర్మన్ నివాస చట్టం సెక్షన్ 81 కింద ఏ గడిలో టిక్ పెట్టారో చూడండి. నాలుగో పేరా అయితే ఇండియా వెళ్ళి తిరిగి రావచ్చు. మూడో పేరా అయితే దేశం దాటి వెళ్తే దాంతో తిరిగి లోపలికి రాలేరు. చెల్లెలి పెళ్ళికి టికెట్లు కొన్నాక ఈ సంగతి తెలిసి ఆగిపోయినవాళ్ళను చూశాను.

మ్యూనిక్_మామ | 22 జనవరి 2026

ఊరిని బట్టి ఉంటుంది. చిన్న ఊళ్ళలో గబగబా అయిపోతుంది, పెద్ద ఊళ్ళలో కృష్ణాతీరం చెప్పినట్టే. స్టుట్‌గార్ట్ నగరంలో ఇల్లు తీసుకుంటావా, చుట్టుపక్కల చిన్న ఊళ్ళో తీసుకుంటావా అన్నది అద్దెకే కాదు, ఈ ఆఫీసు కోసం కూడా ఆలోచించు. నివాసం ఎక్కడ నమోదైతే ఆ ఊరి ఆఫీసే నీ ఫైల్ చూస్తుంది.

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 22 జనవరి 2026

ఆఫీసు పనిలో మాత్రం ఇక్కడ సుఖం. స్పాన్సర్ కంపెనీ ఫైల్ వేస్తే చాలాసార్లు రెండు వారాల్లో తేలిపోతుంది. భార్యాపిల్లల దరఖాస్తు కూడా కంపెనీయే కలిపి వేస్తుంది. ఇల్లు దొరకడమే ఇక్కడ అసలు పరీక్ష. ఐండ్‌హోవెన్ చుట్టూ ఏఎస్‌ఎంఎల్, ఎన్‌ఎక్స్‌పీ లాంటి చిప్ రంగ కంపెనీలు, వాటికి సరుకిచ్చే కంపెనీలు, అందరికీ అవే ఇళ్ళు కావాలి.

అమీర్‌పేట_అనిల్ | 23 జనవరి 2026

అన్నయ్యలూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఏరియాలో ఒక కన్సల్టెన్సీ ఎనిమిది లక్షలకు బ్లూ కార్డ్ గ్యారంటీ, అక్కడికెళ్ళాక ఉద్యోగం వాళ్ళే చూపిస్తామంటున్నారు. సగం ముందు కట్టాలట. నాది బీఎస్సీ కంప్యూటర్స్, నాలుగేళ్ళ అనుభవం. నమ్మొచ్చా?

మ్యూనిక్_మామ | 23 జనవరి 2026

ఒక్క రూపాయి కట్టకు. ఉద్యోగ ఒప్పందం లేకుండా బ్లూ కార్డ్ అన్నదే లేదు. ముందు కార్డు, తర్వాత ఉద్యోగం అని ఎవడన్నా అంటే వాడు పెళ్ళికి ముందే సీమంతం చేస్తానంటున్నట్టు. ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్ళే దారి వేరే ఉంది. 2024 జూన్ నుంచి చాన్సెన్‌కార్టె అని పాయింట్ల పద్ధతిలో ఇస్తున్నారు. దానికి ఖర్చులకు సరిపడా డబ్బు బ్లాక్డ్ ఖాతాలో (నెలకు కొంతే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి. దరఖాస్తు నువ్వే పెట్టుకోవచ్చు, ఏజెంటు అవసరం లేదు.

నీ బీఎస్సీ అక్కడ సరిపోతుందా లేదా అన్నది అనాబిన్ డేటాబేస్‌లో (విదేశీ డిగ్రీలకు జర్మనీలో ఉన్న గుర్తింపు చూపేది) చూసుకో. సరిపోకపోయినా దారి మూసుకుపోలేదు. ఐటీ పనికి గత ఏడేళ్ళలో కనీసం మూడేళ్ళ తగిన స్థాయి అనుభవం ఉంటే జర్మనీ డిగ్రీ లేకుండానే బ్లూ కార్డ్ ఇస్తుంది, జీతం 45,934 దాటితే. అనుభవం లెటర్లలో ఏం పని చేశావో వివరంగా రాయించుకో. పని చేశాడు, మంచివాడు అని రెండు లైన్లు రాసిస్తే చెల్లదు.

తెనాలి_టెస్టర్ | 23 జనవరి 2026

అనాబిన్‌లో జేఎన్‌టీయూ అని కొడితే రకరకాలుగా వస్తోంది. నా పట్టా 2007ది. కాలేజీ పేరు వెతకాలా, యూనివర్సిటీ పేరా?

కృష్ణాతీరం | 23 జనవరి 2026

పట్టా ఇచ్చింది యూనివర్సిటీ కాబట్టి యూనివర్సిటీ పేరే. జేఎన్‌టీయూని 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని విడగొట్టారు. మీది ఉమ్మడి యూనివర్సిటీ పట్టా. సర్టిఫికెట్ మీద ఏ పేరుంటే దాన్నే వెతకండి. సంస్థ పక్కన హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందని అర్థం) అని ఉండాలి. తర్వాత విడిగా మీ డిగ్రీ పేరు కూడా వెతికి అది సమానమని ఉందో లేదో చూడాలి. రెండు పేజీలూ ప్రింట్ తీసి వీసా ఫైల్‌లో పెట్టండి. ఏది దొరక్కపోయినా జెడ్‌ఏబీ అనే జర్మన్ సంస్థ దగ్గర డిగ్రీ మూల్యాంకనం చేయించుకోవాలి. ఫీజు 208 యూరోలు.

ఇంకో మాట. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు మనలో చాలామంది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, పెళ్ళి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం. వెళ్ళేలోపు ఇవన్నీ ఒక దారికి తెచ్చుకోండి. అక్కడ బ్యాంకు నుంచి కరెంటు బిల్లు దాకా రెండు గడులూ నింపమంటారు.

కోనసీమ_కోడర్ | 24 జనవరి 2026

ఎంత సమాచారం ఇస్తున్నారండీ, అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడ కూడా కూర్చుని చదువుతోంది. తన ప్రశ్న: బీఫార్మసీతో అక్కడ పని చేయొచ్చా? నా ప్రశ్న: అమ్మని తీసుకెళ్ళే వీలు ఏ దేశంలో ఉంది?

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 24 జనవరి 2026

రెండు దేశాల్లోనూ మీ ఆవిడకు వేరే పర్మిట్ అక్కర్లేకుండా పని చేసే హక్కు వస్తుంది. జర్మనీలో మామూలుగా భార్యకు వీసాకి ముందు ఏ1 పరీక్ష అడుగుతారు గానీ, బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళ భార్యకు అది కూడా లేదు.

అయితే మందుల షాపులో ఫార్మసిస్టుగా చేయడం వేరే కథ. అది లైసెన్స్ ఉండాల్సిన వృత్తి, అక్కడా ఇక్కడా. భాష, డిగ్రీ గుర్తింపు అన్నీ కావాలి, ఏళ్ళు పడుతుంది. ఫార్మకోవిజిలెన్స్‌కి మాత్రం లైసెన్స్ అడగరు, ఇంగ్లీషుతో నడిచే ఉద్యోగాలు కూడా దొరుకుతాయి. యూరోపియన్ మందుల ఏజెన్సీ 2019లో లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి మారింది, లైడెన్ చుట్టూ బయోటెక్ కంపెనీలు బోలెడు. తన కెరీర్ వరకు చూస్తే నేను ఇటే మొగ్గుతాను. ఐండ్‌హోవెన్ నుంచి లైడెన్‌కి రోజూ తిరగడం మాత్రం కష్టం, ఇంటి నుంచి పని దొరికితేనే.

మ్యూనిక్_మామ | 24 జనవరి 2026

అమ్మగారి విషయంలో జర్మనీదే పైచేయి, కనీసం చట్టంలో. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి నైపుణ్య కార్మికుడిగా పర్మిట్ తీసుకున్నవాళ్ళు, బ్లూ కార్డ్ వాళ్ళతో సహా, తల్లిదండ్రులను పిలిపించుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో అలాంటి దారి లేదు.

కానీ ఇక్కడా ఒక మెలిక. అమ్మగారికి ఆరోగ్య బీమా చూపించాలి. నీ ప్రభుత్వ బీమాలో ఆవిడ రాదు. ఆ వయసులో ప్రైవేట్ బీమా తీసుకుంటే నెలనెలా పెద్ద మొత్తమే. ఈ దారి ఉందని సంబరపడి, బీమా కొటేషన్ చూసి వెనక్కి తగ్గినవాళ్ళే నాకు తెలిసి ఎక్కువ. ఆవిడకి అసలు రావాలని ఉందో లేదో కూడా అడుగు. మా అమ్మ వచ్చి, చలికి తట్టుకోలేక, మాట్లాడే మనిషి లేక నెల తిరక్కుండానే ఊరు ఊరు అని గోల పెట్టింది.

వరంగల్_వాసు | 24 జనవరి 2026

మామ మాట నిజం. మా నాయన అయితే బతుకమ్మ లేని ఊర్లో నేనుండ అన్నడు :)

టెక్సాస్_తెలుగోడు | 25 జనవరి 2026

పౌరసత్వం సంగతి ఎవరూ చెప్పలేదు.

బ్రస్సెల్స్_బాబాయ్ | 25 జనవరి 2026

జర్మనీలో అయిదేళ్ళు. భాష బాగా వస్తే మూడేళ్ళకే ఇస్తామని 2024లో పెట్టారు, పోయినేడాది అక్టోబర్‌లో దాన్ని రద్దు చేశారు. పాత వీడియోలు చూసి మూడేళ్ళ లెక్క వేసుకోవద్దు. జర్మనీ ఇప్పుడు రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది గానీ మన దేశం ఒప్పుకోదు, కాబట్టి ఇండియా పాస్‌పోర్ట్ వదులుకుని ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్ళకిచ్చే కార్డు) తీసుకోవాల్సిందే. అది ఇప్పటి తొందర కాదు.

నీ అసలు నిర్ణయానికి పనికొచ్చేది ఇంకొకటి చెప్తాను. అయిదేళ్ళ నివాసంతో వచ్చే యూరోపియన్ యూనియన్ దీర్ఘకాలిక నివాస హోదాకి బ్లూ కార్డ్ వాళ్ళు వేర్వేరు దేశాల్లో ఉన్న ఏళ్ళను కలుపుకోవచ్చు. చివరి రెండేళ్ళు మాత్రం దరఖాస్తు పెట్టే దేశంలో ఉండాలి. అంటే ఐండ్‌హోవెన్‌లో మూడేళ్ళు, తర్వాత జర్మనీలో రెండేళ్ళు ఉన్నా లెక్క అవుతుంది. 12 నెలల తర్వాత దేశం మారే సౌకర్యం కూడా బ్లూ కార్డ్‌కే, కెన్నిస్‌మిగ్రాంట్‌కి లేదు. కాబట్టి డచ్ ఆఫర్ తీసుకున్నా సరే, వాళ్ళను బ్లూ కార్డ్ వేయమని అడుగు. 30 దాటినవాడివి, రెండింటికీ నీకు జీతం పరిమితి ఒకటే.

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 25 జనవరి 2026

బాబాయ్ గారు చెప్పింది చాలా మంచి పాయింట్. కంపెనీలు ఎందుకు వెనకాడతాయో కూడా చెప్తాను. కెన్నిస్‌మిగ్రాంట్‌కి డిగ్రీ మూల్యాంకనం అక్కర్లేదు, జీతం ఉంటే చాలు. బ్లూ కార్డ్‌కి మీ బీటెక్‌ని ఇక్కడ మూల్యాంకనం చేయించాలి, అదొక అదనపు పని. ఆ కాగితం నేను తెచ్చుకుంటాను, మీరు బ్లూ కార్డ్ వేయండి అంటే చాలామంది ఒప్పుకుంటారు.

కోనసీమ_కోడర్ | 2 ఫిబ్రవరి 2026

అప్‌డేట్ అండీ. డచ్ కంపెనీ హెచ్‌ఆర్ ఒప్పుకున్నారు. పాత అంకెతోనే లెటర్ తయారైందట. బేస్‌ని 71,500కి మార్చి కొత్త లెటర్ పంపారు. అలవెన్స్ దానికి అదనం. మూల్యాంకనం నేను చేయించుకుంటే బ్లూ కార్డ్ కూడా వేస్తామన్నారు.

స్టుట్‌గార్ట్ వాళ్ళకు నిన్న వద్దని చెప్పేశాను. 21 నెలల పీఆర్ వదులుకుంటున్నందుకు మనసు పీకుతోంది. కానీ ఆరు నెలల ప్రొబేషన్, కార్ల రంగం పరిస్థితి, మా ఆవిడ ఉద్యోగం మూడూ కలిపి చూస్తే ఇదే నయమనిపించింది. అమ్మని అడిగాను. కొబ్బరితోట వదిలి ఎక్కడికీ రానంది, ఏడాదికోసారి మీరే రండి అంది.

ఇప్పుడు కాగితాల గురించి ఒక్క ప్రశ్న. పెళ్ళి సర్టిఫికెట్‌కి, బాబు బర్త్ సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించాలా? జర్మనీ వెళ్ళిన మా కజిన్ అవసరం లేదన్నాడు.

కృష్ణాతీరం | 2 ఫిబ్రవరి 2026

మీ కజిన్ చెప్పింది జర్మనీకి నిజం. మన అపోస్టిల్‌ని జర్మనీ ఒప్పుకోదు, ఇండియా అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో చేరినప్పుడే జర్మనీ అభ్యంతరం చెప్పింది. అక్కడికి వెళ్ళేవాళ్ళు అపోస్టిల్ కోసం ఏజెంట్లకు పోసే డబ్బు దండగ. నెదర్లాండ్స్‌కి మాత్రం కావాలి. రెండు సర్టిఫికెట్లకూ చేయించండి.

శ్రావణి_ఐండ్‌హోవెన్ | 2 ఫిబ్రవరి 2026

అవును, రెండింటికీ. ముందు పాతకాలపు చేతిరాత సర్టిఫికెట్లు ఉంటే మీసేవలోనో, అమలాపురంలో రిజిస్టర్ అయితే అక్కడి సచివాలయంలోనో ఇంగ్లీషులో కొత్త కాపీ తీసుకోండి. పేర్లు పాస్‌పోర్ట్‌తో అక్షరం అక్షరం సరిపోయాయా చూసుకున్నాకే అపోస్టిల్‌కి ఇవ్వండి. తర్వాత తప్పు దొరికితే మళ్ళీ మొదటి నుంచి చేయించాలి. ఒరిజినల్స్ చెక్-ఇన్ సామానులో పెట్టకండి, చేతిబ్యాగులో ఉంచుకోండి. ఇక్కడ మునిసిపాలిటీలో నమోదు చేసుకునే రోజు అవే అడుగుతారు. బాబు స్కూల్ కోసం ఇప్పుడే మెయిళ్ళు మొదలుపెట్టండి, ఇక్కడ అయిదేళ్ళు నిండితే బడి తప్పనిసరి. డచ్ రాని పిల్లల కోసం మొదట భాష నేర్పే తరగతులున్నాయి, వాటిలో సీట్లు తొందరగా నిండిపోతాయి.